విద్యాదానము – జీతము లేని అయ్యవారి బాకీ

ఆహారదానము, ఔషధదానము, జ్ఞానదానము, అభయదానము అని దానములు నాలుగు విధములని జైన కుటుంబములలో చిన్నపిల్లలకు సైతము తెలియును. ఇందు మొదటి రెండును ఇచ్చిన పూటకే పూర్తియగును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిన ఆ ఆకలి తీరును. రోగికి మందిచ్చిన ఆ మందు తన పని తాను చేసికొనును. జ్ఞానదానము అట్టిది కాదు. నేడు 'అ' చెప్పినవాడు రేపు 'ఆ' చెప్పవలెను; ఎల్లుండి ఆ రెండింటిని మరల చదివింపవలెను. ఒకనాడు చెప్పి ఊరకున్నచో చెప్పినది గూడ నిలువదు. అందుచేత ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. జీతము తీసికొనక తన ఇష్టముతో పాఠము చెప్ప పూనుకొన్నవాడు, ఆ ఇష్టము తీరినప్పుడు మానుకొనవచ్చునా? లేక అతడు తన విద్యార్థులకు బాకీపడినవాడా?

లోకులు సాధారణముగా చెప్పు సమాధానము ఇది: "ఊరకే చేసే పనికి లెక్క యేమి? ఆయన చెప్పినంత లాభము. చెప్పనినాడు ఎవరికిని నష్టము లేదు." వినుటకు ఇది న్యాయముగనే తోచును. కాని బళ్ళారి సీమలో చదువు నడచిన తీరును, పల్లెలలో సాయంకాలపు బడి నడచు తీరును దగ్గరనుండి చూచినచో ఈ లెక్కలో ఒక పద్దు జారిపోయినదని తెలియును.

తెలుగునాట అక్షరాభ్యాసమునాడు బిడ్డచేత "ఓం నమః శివాయ, సిద్ధం నమః" అని దిద్దించుట ఆచారము. అందు రెండవ మాట పూర్వము జైన గురువులు బడులు నడిపిన కాలమునుండి నిలిచినదని చరిత్ర పరిశోధకులు కొందరి అభిప్రాయము. రాజ్యములు మారినవి, ఆ గురువుల పేర్లు మరుగుపడినవి, పలకమీది మాట మాత్రము మిగిలినది. విద్యాదానము సక్రమముగా జరిగిన ఎంతకాలము నిలుచునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

బళ్ళారి జిల్లాలో బడుల లెక్క మొదట తీసినది రెండువందల ఏండ్ల క్రిందట. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా జిల్లాకు ఎన్ని బడులున్నవో, ఎందరు చదువుచున్నారో తెలుపవలసినదని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో తన లెక్క పంపెను. ఈయన 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము ప్రకటించిన పండితుడు. నాటి బళ్ళారి జిల్లాలో అనంతపురము ప్రాంతము, ఆదోని, ఆలూరు, రాయదుర్గము గూడ చేరియుండెను. జనాభా 9 లక్షల 27 వేలు, బడులు 533, చదువువారు 6,641 మంది. వేయిమందికి సుమారు ఏడుగురు మాత్రమే బడిలో నుండిరి. అందరిలోను ఆడపిల్లలు 60 మంది మాత్రమే. కన్నడము చెప్పు బడులు 235, తెలుగు చెప్పునవి 226. తక్కినవి మరాఠీ, పారశీకము, సంస్కృతము మొదలగునవి. బడులు క్షీణించుటకు దేశము బీదపడుటయే కారణమని ఆ కలెక్టరే వ్రాసెను. సీమగుడ్డ వచ్చి నేతపనివారి బ్రతుకు చెడినది. లేత చేతులు ఏదో ఒక పనికి అక్కరకు వచ్చినంతనే తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించుచుండిరి.

ఆ నివేదికలో నాటి వీథిబడుల ఆచారమొకటి వర్ణింపబడినది. ఉదయమున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన ఒక్కొక్కటి ఎక్కువ. దెబ్బల మాట అటుంచిన, ఇందు గ్రహింపదగిన సంగతి యున్నది. బడికి వేళయే ప్రాణము. ముందు వచ్చినవాని చేతిలో సరస్వతి పేరు వ్రాయవలెనన్న అయ్యవారు అంతకుముందే వచ్చి కూర్చుండవలెను గదా! వేళ తప్పరాదను నియమము పిల్లవానికంటె అయ్యవారికే ముందు.

రెండువందల ఏండ్లలో ఎంతో మారినది. 2011 జనాభా లెక్కలలో, విజయనగర జిల్లా వేరుపడకముందరి బళ్ళారి జిల్లాలో, ఏడేండ్లు దాటినవారిలో నూటికి 67 మంది అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి 58 మంది. వేయికి ఏడుగురు చదువుకొను కాలముతో పోల్చిన ఇది గొప్ప ముందడుగు. అయినను ముగ్గురిలో ఒకరికి చదువు అందలేదన్న మాట. లేత చేతులు బడినుండి చేనికి పోవుట నేటికిని పూర్తిగా ఆగలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకును, బళ్ళారితో కూడ తక్కిన తాలూకాలు మైసూరుకును చేరినవి. పటముమీద గీత గీసిరి గాని నోటిలోని మాటకు గీత గీయలేరు. మోకా, చేళ్ళగుర్కి, రూపనగుడి ప్రాంతపు పల్లెలలో ఇంట తెలుగు, బడిలో కన్నడము నేర్చు పిల్లలు అనేకులు. అట్టి పల్లెలో జీతము లేక పాఠము చెప్పువాని దినచర్య యెట్లుండునో కొంచెము చూతురు గాక.

పగలు అంగడిలోనో ఆఫీసులోనో పనిచేసి, పొద్దు వాలిన తరువాత అతడు ఊరి చావడికిగాని దేవళపు అరుగుకుగాని చేరును. మొదటి పని పాఠము కాదు. వీథి వీథి తిరిగి పిల్లలను పిలుచుట. ఒక బాలిక చంకలో తమ్ముని ఎత్తుకొని వచ్చును. ఒకడు అన్నము తినకనే వచ్చును. పత్తి ఏరుకాలమున పిల్లల వ్రేళ్ళు పత్తికాయ మొనలకు గీరుకొనిపోయి బలపము పట్టనియ్యవు. మిరపకాయలు కోసివచ్చిన పిల్లవాడు మరచి కన్ను నులుముకొని ఏడ్చును. అయ్యవారు పలక ప్రక్కన పెట్టి కన్ను కడిగించవలెను. ఆ సాయంకాలమునకు అదియే పాఠము.

ఆ తరువాత భాష. ఇంట 'పాలు' అను బిడ్డకు బడిలో 'హాలు' అని చెప్పుదురు. 'పులి' అచట 'హులి' యగును. 'పగలు' 'హగలు' అగును. తాను తప్పు మాట్లాడుచున్నానని బిడ్డ సిగ్గుపడి నోరు మూసికొనును. తెలివిగల అయ్యవారు ఈ మూడు జతలను ప్రక్క ప్రక్కన వ్రాసి, "చూడు, నీ మాట తప్పు కాదు. తెలుగులోని ప కన్నడములో హ అయినది. ఇవి అక్కచెల్లెండ్ర మాటలు" అని చెప్పును. ఆనాడు ఆ బిడ్డకు రెండు భాషలు వచ్చినవి. ధైర్యము గూడ వచ్చినది. కాని ఇట్టి చనువు ఒక్క దినములో కుదరదు. నెలల తరబడి ప్రతి సాయంకాలము అదే మనిషి, అదే అరుగుమీద కనబడవలెను.

బడి విడిచిన తరువాత తల్లి వచ్చి అడుగును: "అయ్యవారూ, రేపు గూడా వస్తారు గదా?"

ఇది మర్యాదకు అడిగిన ప్రశ్న కాదు. ఆ వేళకు నీళ్ళు తెచ్చు పిల్లను తల్లి ఆపి పంపినది. ఆ నీళ్ళు తానే తెచ్చుకొన్నది. మేకలను ఇల్లు చేర్చు పనిని ముసలితండ్రికి అప్పగించినది. అయ్యవారి మాటను నమ్మి ఆ ఇంటివారు తమ పనులన్నియు సర్దుకొనిరి. కనుక అయ్యవారు రూక తీసికొనకపోయినను ఆ చదువు ఆ ఇంటికి ఉచితముగా రాలేదు. బిడ్డ తన ఆటవేళను, తల్లి తన ఒంటి కష్టమును ముందుగానే చెల్లించినారు. "ఊరకే చేసే పనికి లెక్క యేమి" అన్నవారు జారవిడిచిన పద్దు ఇదియే. చిట్టాలో జమ పడిన తరువాత బాకీ లేదనుట ఏ వర్తకునికిని చెల్లదు.

ఉదాహరణకు ఒక యువకుని ఊహింపుడు. గుడ్డల వ్యాపారము చేయు కుటుంబమువాడు. మంచి మనసు గలవాడు. జూను నెలలో ఇరువదిమంది పిల్లలతో సాయంకాలపు బడి ప్రారంభించెను. మొదటినాడు పలకలు, మిఠాయిలు పంచిరి; ఫోటో తీసిరి. దసరా వచ్చుసరికి అంగడిలో బేరము హెచ్చినది. మూడు దినములు పోలేదు. దీపావళికి వారము దినములు పోలేదు. ఆ పిమ్మట పోవుటకు సిగ్గుపడి మానుకొనెను. ఎవరును అతనిని నిలదీయలేదు. జీతగాడు రానిచో పై అధికారి అడుగును. అప్పు తీర్చనిచో అప్పిచ్చినవాడు గుమ్మములో కూర్చుండును. తొమ్మిదేండ్ల పిల్లవాడు బళ్ళారికి వచ్చి, అంగడి మెట్లెక్కి, "అయ్యవారూ, మీరు నాకు గుణకారము బాకీ యున్నారు" అని అడుగలేడు గదా! అడుగలేనివాని బాకీని ఎగవేయుట అడుగగలవాని బాకీని ఎగవేయుటకంటె నీచమని వర్తక ధర్మము తెలిసినవారు ఒప్పుకొనక తప్పదు. అనాథ సొమ్ము, విధవ సొమ్ము లెక్కలో మరింత జాగ్రత్త పడవలెనని పెద్దలు చెప్పుట ఇందుకే.

నష్టము అంతటితో ఆగదు. మరుసటి సంవత్సరము ఇంకొక సజ్జనుడు అదే ఊరిలో అదే అరుగుమీద బడి పెట్టినచో ఇరువదిమందికి బదులు ఆరుగురు వత్తురు. "వీరు గూడ నాలుగు నెలలే" అని తల్లులు అనుకొందురు. బజారులో ఒక కొఠీ దివాలా తీసినచో ఆ వీథిలోని మంచి హుండీలను గూడ జనము అనుమానించునట్లు, ఒకడు మాట తప్పుటచే చదువు మీది నమ్మకమే చెడును. అసలు బడి పెట్టనివాడు ఈ నష్టము చేయలేదు. బడి పెట్టి చెప్పక మానినవాడు చేసినాడు.

అట్లయిన ఎవరును పూనుకొనకుండుటయే మేలా? కాదు. ఇందుకు మార్గము శ్రావకాచారములోనే యున్నది. జీవితాంతము పట్టు వ్రతమును యమమనియు, కాలపరిమితితో పట్టు వ్రతమును నియమమనియు శాస్త్రము విడదీసినది. గృహస్థునికి శక్తికి మించిన యమముకంటె శక్తికి తగిన నియమము మేలు. "ఊరిని ఉద్ధరింతును" అని బయలుదేరుట కంటె, "వారమునకు రెండు సాయంకాలములు, ఒక సంవత్సరము" అని పిల్లల ఎదుట, తల్లిదండ్రుల ఎదుట వాయిదా చెప్పి కట్టుబడుట ఉత్తమము. జబ్బు చేయవచ్చును, వ్యాపారములో చిక్కు రావచ్చును. అప్పుడు వాయిదా మార్చుకొనుట దోషము కాదు. చెప్పకుండ కనబడకపోవుట దోషము. మానవలసివచ్చినవాడు తన స్థానమున ఇంకొకరిని కూర్చుండబెట్టి, ఏ బిడ్డ ఏ పాఠములో నున్నదో వ్రాసియిచ్చి పోవలెను. గుమాస్తా మారినప్పుడు ఆవర్జా అప్పగించునట్లే ఇదియు.

ప్రపంచములో ఈ పని పెద్దయెత్తున జరిగినచోట్ల గూడ వాయిదా నిశ్చయముగా నుండెను. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ 'పీస్ కోర్' అను సేవాదళమును స్థాపించెను. ఎందరో యువకులు ఉపాధ్యాయులుగా పేద దేశములకు పోయిరి. భారతదేశమునకును వచ్చి 1976 వరకు పనిచేసిరి. ముందు ఆ దేశపు భాషను, అలవాట్లను నేర్చుకొని, పిమ్మట రెండేండ్లు అచటనే యుండుట వారి పద్ధతి. అదే 1961లో, అమెరికాకు బద్ధవిరోధియైన క్యూబాలో సుమారు లక్షమంది యువతీయువకులు పల్లెలకు పోయి, రైతుల ఇండ్లలోనే యుండి, పగలు వారితో పొలము పని చేసి, రాత్రి లాంతరు వెలుగున అక్షరములు చెప్పిరి. ఆ సంవత్సరాంతమునకు సుమారు ఏడు లక్షలమంది చదువ నేర్చిరి. రెండు దేశముల రాజకీయములకు పొత్తు లేదు. అయినను చెప్పువాడు విద్యార్థి నడుమ నివసింపవలెననియు, గడువు తీరువరకు కదలరాదనియు రెండును ఒప్పుకొన్నవి.

తెలుగుదేశములోనే అంతకంటె దగ్గరి నిదర్శనము కలదు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నడచెను. జీతము లేని కార్యకర్తలు ఊరూర రాత్రివేళ కూలిజనమునకు, ముఖ్యముగా స్త్రీలకు, చదువు చెప్పిరి. వాచకములో 'సీతమ్మ కథ' అను పాఠముండెను. అందు స్త్రీలు కూడి తమ ఊరి సారాయంగడి మూయింతురు. దూబగుంట గ్రామ స్త్రీలు ఆ పాఠము చదివి, తామును అట్లే తమ ఊరి సారాయంగడి మూయించిరి. ఊరినుండి ఊరికి ఆ ఉద్యమము ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించెను. పాఠము చెప్పినవారు చెప్పినది అక్షరములు. వాటిపై ఎంత వడ్డీ పెరుగునో వారును ఎరుగరు. కాని ఆ స్త్రీలు రాత్రి రాత్రికి ఒకచోట కూడుకొనుటయే వారి బలమైనది. బడి నాలుగు నెలలలో చెదిరిపోయి యుండినచో ఆ కథ పుస్తకములోనే యుండిపోయెడిది.

ఇచట ఇంకొక ఆక్షేపణ రావచ్చును. పిల్లలకు చదువు చెప్పుట ప్రభుత్వము బాధ్యత గదా యని. సత్యమే. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పినది. జీతము లేని అయ్యవారు జీతపు అయ్యవారి ఖాళీని పూరించుచు పోయినచో, ఆ ఖాళీ ఖాళీగనే యుండిపోవు అపాయము కలదు. అందుచేత అతడు బడిలో జరుగని పనిని చేయవలెను: వెనుకబడినవానికి మరల చెప్పుట, ఇంటి భాషకును బడి భాషకును వంతెన వేయుట, బడి మానినవానిని మరల బడిలో చేర్చుట. బడిలో ఉపాధ్యాయుడు లేనిచో తల్లిదండ్రులతో కలిసి అర్జీ వ్రాయుట గూడ అతని విద్యాదానములోని భాగమే.

వాచకాచార్యుడైన ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రములో దానముయొక్క విశేషము నాలుగింటినిబట్టి యుండునని చెప్పినాడు: ఇచ్చు విధి, ఇచ్చు ద్రవ్యము, ఇచ్చు దాత, పుచ్చుకొను పాత్ర. విద్యాదానములో పాత్రకు కొరత లేదు. విధి అనగా వేళ తప్పకుండుట. దానిని గూర్చి పైన చెప్పబడినది. దాత గర్వము విడువవలెను. బడి గోడమీద చలువరాతిపై పేరు చెక్కించుకొను ధనదాతకంటె, పేరు లేక అరుగుమీద కూర్చుండువానికి ఇది కొంత సులభము. మిగిలినది ద్రవ్యము, అనగా ఏమి చెప్పవలెనన్నది. వర్తక కుటుంబములకు అసలు పరీక్ష ఇచటనే యున్నది.

వర్తకునికి తెలిసిన విద్య లెక్క. వడ్డీ కట్టుట, తూకము చూచుట, రసీదు చదువుట, చిట్టాలోని పద్దు ఆవర్జాలో ఎట్లు పడునో తెలిసికొనుట అతనికి చిన్ననాటనే అబ్బినవి. పల్లెబిడ్డకు వీనికంటె ఉపకరించు విద్య మరియొకటి అరుదు. కాని వడ్డీ కట్ట నేర్చిన కూలివాని బిడ్డ రేపు తండ్రితో మండీకి వచ్చి, "ఈ చీటీలో తూకమెంత వ్రాసినారు? ఈ తరుగు ఎందుకు తీసినారు?" అని అడుగును. ఆ చీటీ అయ్యవారి అన్నదో, బావదో కావచ్చును. అది తలచుకొని, కథలు, పాటలు చెప్పి లెక్కలదగ్గర మాత్రము మెల్లగా జారుకొనువాడు లోకములో లేకపోడు. జ్ఞానమును దాచుట, ఈర్ష్యచే చెప్పకుండుట, చదువుకు అడ్డుపడుట జ్ఞానావరణీయ కర్మకు హేతువులని అదే శాస్త్రము చెప్పినది. ఇచ్చునప్పుడొక తూకము, పుచ్చుకొనునప్పుడొక తూకము వాడుట అచౌర్యవ్రతమునకును, దొంగపత్రము వ్రాయుట సత్యవ్రతమునకును అతిచారములని గూడ చెప్పినది. తన లెక్క సరిగా నున్నవానికి బిడ్డ లెక్క నేర్చినందున భయమేమి? భయము తోచినచో దిద్దుకొనవలసినది బిడ్డ చదువు కాదు. నెలల మధ్యలో బడి ఆపుటయు, లెక్కల మధ్యలో పాఠము ఆపుటయు ఒకే ఎగవేత.

ఇంత బరువైన బాకీని ఒక్కడెట్లు తీర్చగలడన్న సందేహమునకు 1823నాటి వీథిబడులే దారి చూపినవి. ఆ బడులలో ముందు నేర్చిన పిల్లలు వెనుకటి పిల్లలకు చెప్పుచుండిరి. చెప్పుటచే తమ చదువును గట్టిపరచుకొనుచుండిరి. క్యాంబెల్ ఆ పద్ధతిని ఎంతయో మెచ్చుకొనెను. అంతకు పూర్వమే మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమమును నడిపిన ఆండ్రూ బెల్, ఈ దేశపు పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, పిల్లలే పిల్లలకు చెప్పు పద్ధతిని సాగించి, 1797లో దానిని గూర్చి ఇంగ్లండులో పుస్తకము ప్రకటించెను. బెల్ పద్ధతి ఇంగ్లండు బడులలో వ్యాపించెను. ఏడాదిలో ఇద్దరు పెద్ద పిల్లలను అయ్యవార్లుగా తయారుచేసినవాడు తన గడువు తీరి పోయినను బడి పోదు. అసలు తీరును, వడ్డీ ఆ ఊరిలోనే పెరుగుచుండును.

జైన కుటుంబములలో చదువుకొన్న యువకులు, యువతులు, వ్యాపారము కొడుకులకు అప్పగించి తీరికగా నున్న పెద్దలు అనేకులు కలరు. వారిలో ఇద్దరిద్దరు కలిసి ఒక్కొక్క అరుగును పంచుకొన్న, ఒకరికి పండుగ బేరము వచ్చినప్పుడు ఇంకొకరు పోవచ్చును. చాతుర్మాసములో పట్టు నియమములతోపాటు ఈ నియమమును గూడ ఒక ఏడాదికి పట్టవచ్చును. అట్లు పట్టినవానిని పొద్దు వాలిన వేళ ఒక తల్లి, "అయ్యవారూ, రేపు గూడా వస్తారు గదా?" అని అడుగును. "వస్తానమ్మా" అన్న మాట నోటినుండి వచ్చినంతనే హుండీ వ్రాసినట్లే. మరునాడు పిల్లలకంటె ముందుగా ఆ అరుగుమీద కూర్చున్ననే ఆ హుండీ చెల్లును.